మండల వార్తకు ఉద్దేశిత పాఠకుడు ఎవరు? – చాట్రాయి మామిడి ప్రాంతం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు దినపత్రికల జిల్లా పుటల్లో వెలువడే మండల వార్త పరిమాణంలో చిన్నది, సంఖ్యలో మాత్రం పత్రికలోని ఏ ఇతర విభాగానికీ తీసిపోదు. అయినా పత్రికారంగంపై జరిగిన తెలుగు పరిశోధనల్లో దానికి దక్కిన స్థానం స్వల్పం. ఏలూరు జిల్లా చాట్రాయి మండలాన్ని ఉదాహరణగా గ్రహించి మండల వార్త ఎలా తయారవుతుందో, దాని భాష ఎవరిని ఎక్కడ నిలబెడుతుందో, మామిడి ధరల వార్త నిజంగా ఎవరికి ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రతుల లెక్కకూ పాఠకుల లెక్కకూ మధ్యనున్న అంతరాన్ని చర్చిస్తుంది. జిల్లా పుటలు భద్రపరచబడకపోవడంవల్ల పరిశోధకునికి ఎదురయ్యే చిక్కును ప్రస్తావిస్తుంది.

కీలక పదాలు: మండల వార్త, జిల్లా అనుబంధం, విలేకరి, ఉద్దేశిత పాఠకుడు, పాఠక సర్వే, మామిడి రైతు, చాట్రాయి.

1. ప్రవేశిక

తెలుగు పత్రికలపై వెలువడిన సిద్ధాంతవ్యాసాల్లో ఎక్కువభాగం పత్రికను సంపాదకుని వైపునుంచి చూసినవే. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రిక అనగానే ముట్నూరి కృష్ణారావు, 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసునుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక అనగానే కాశీనాథుని నాగేశ్వరరావు, 1960లో విజయవాడలో ప్రారంభమైన ఆంధ్రజ్యోతి అనగానే నార్ల వెంకటేశ్వరరావు గుర్తుకు రావడం సహజం. సంపాదకీయాల శైలి, జాతీయోద్యమంలో పత్రికల పాత్ర, పత్రికల సాహిత్యసేవ అన్న మూడు బాటల్లోనే పరిశోధన చాలాకాలం నడిచింది. ఆ కృషి విలువైనదే. కాని దినపత్రికను చేతిలోకి తీసుకున్న పల్లెటూరి పాఠకుడు ముందుగా వెతికేది సంపాదకీయాన్ని కాదు. తన ఊరి పేరును.

ఊరి పేరుతో మొదలయ్యే ఆ నాలుగు వాక్యాల వార్తను పరిశీలించడానికి చాట్రాయి అనువైన స్థలం. నూజివీడు శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం ఉమ్మడి కృష్ణా జిల్లాకు ఉత్తరపు అంచున, ఖమ్మం జిల్లా సరిహద్దును ఆనుకొని ఉన్న మెట్టప్రాంతం. చనుబండ, చిన్నంపేట, సోమవరం, జనార్దనవరం వంటి గ్రామాలు దీని పరిధిలోనివి. తమ్మిలేరు ఈ ప్రాంతంగుండానే సాగి ఏలూరు మీదుగా కొల్లేటికి చేరుతుంది. రైలుమార్గం లేదు, పెద్ద పట్టణం లేదు. మామిడి తోటలు ఉన్నాయి; వాటితోపాటు ఆయిల్‌పామ్, మొక్కజొన్న ఉన్నాయి. రాష్ట్రస్థాయి వార్తల్లోకి ఎక్కడానికి కావలసిన హంగులేవీ లేని మండలం కావడమే దీని యోగ్యత.

మరొక కారణం కూడా ఉంది. ఎనిమిదేళ్ల వ్యవధిలో ఈ మండలం చుట్టూ ఉన్న రెండు సరిహద్దుల అర్థం మారింది. 2014 జూన్ 2న ఉత్తరాన ఉన్న పొరుగు మండలం వేరే రాష్ట్రమైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో చాట్రాయి కృష్ణా జిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పొరుగునే ఉన్న విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. పత్రికల జిల్లా పుటలు సహజంగానే కొత్త జిల్లాల పేర్లను అనుసరించాయి. దీని పర్యవసానం చిన్నదేమీ కాదు. ఈ ప్రాంతపు మామిడికి ప్రధాన విపణి అయిన నున్న మార్కెట్టు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కాయ వెళ్లే ఊరి వార్త ఒక జిల్లా పుటలోనూ కాయ కాసే ఊరి వార్త మరొక జిల్లా పుటలోనూ వెలువడే స్థితి ఏర్పడింది. పరిపాలనా సౌలభ్యం కోసం గీసిన గీత వార్తల భూగోళాన్ని కూడా గీస్తుందన్న విషయాన్ని సిద్ధాంతంగా చెప్పడం ఒక ఎత్తు, మామిడి రైతు ఉదయాన్నే చదివే పుటలో చూపడం మరొక ఎత్తు.

2. మండలం వార్తా ప్రమాణమైన క్రమం

మద్రాసునుంచీ, ఆ తరవాత విజయవాడనుంచీ పత్రికలు వెలువడిన దశాబ్దాల్లో మారుమూల గ్రామం వార్తలోకి రావాలంటే హత్యో, వరదో, నాయకుని పర్యటనో జరగాలి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1975లో హైదరాబాదునుంచి, 1978లో విజయవాడనుంచి ప్రచురణలు మొదలుపెట్టింది. ముద్రణ స్థలాలు పాఠకుని వైపుకు జరగడంతో వార్తాసేకరణ పరిధి కూడా కిందికి దిగింది. 1989లో అదే పత్రిక జిల్లాకొక అనుబంధాన్ని చిన్నపరిమాణంలో ప్రధాన సంచికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇతర పత్రికలూ క్రమంగా ఆ దారినే పట్టాయి. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ప్రచురణలతో ప్రారంభమయ్యేనాటికి జిల్లా పుట లేని తెలుగు దినపత్రికను ఊహించలేని స్థితి వచ్చింది.

రాబిన్ జెఫ్రీ 2000లో ప్రకటించిన ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రెవల్యూషన్’ అన్న గ్రంథం ఈ పరిణామాన్ని అక్షరాస్యత, ముద్రణ సాంకేతికత, ప్రకటనల విపణి అన్న శక్తుల కలయికగా వివరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991లో 44.09 శాతం ఉండగా 2011 నాటికి 67.02 శాతానికి పెరగడం ఆయన వివరణకు బలం చేకూర్చే అంశమే. అయితే తెలుగు నేలకు సంబంధించి మరొక కారణాన్ని కూడా చేర్చవలసి ఉంటుంది. అది 1985లో వచ్చిన మండల వ్యవస్థ. తాలూకాలు, సమితులు పోయి 1,100కు పైగా మండలాలు ఏర్పడ్డాయి. ప్రతి మండలానికీ రెవెన్యూ కార్యాలయం, మండల పరిషత్తు, పోలీసు స్టేషను, వ్యవసాయాధికారి ఏర్పడడమంటే విలేకరి దృష్టిలో రోజూ తప్పకుండా వార్త దొరికే గుమ్మాలు ఏర్పడడమే. నాలుగేళ్ల తరవాత జిల్లా అనుబంధాలు రావడం, వాటిలో మండలం పేరే వార్తకు శీర్షికా సూచిక కావడం యాదృచ్ఛికంగా కనిపించవు.

గే టక్‌మన్ 1978లో వార్తాసేకరణను వలతో పోల్చింది. వల కళ్ల పరిమాణాన్ని బట్టి చేప చిక్కుతుంది. సంస్థలూ కార్యాలయాలూ ఉన్నచోట వల చిక్కగా ఉంటుంది, లేనిచోట పల్చబడుతుంది. చాట్రాయి వంటి చోట ఆ వలకు ముడులు మండల కార్యాలయాలే. అందువల్ల మండల కేంద్రంలో జరిగిన సమీక్షా సమావేశం వార్త అవుతుంది. పది కిలోమీటర్ల దూరాన తోటలో మందు పిచికారి చేస్తూ కూలీ అస్వస్థుడైన సంగతి అతడు ఆసుపత్రికో స్టేషనుకో చేరితేనే వార్త అవుతుంది. ఇందులో విలేకరి నిర్లక్ష్యం కన్నా వల నిర్మాణం పాత్రే ఎక్కువ.

3. విలేకరి, లైన్ అకౌంటు, ప్రకటన

వార్తా ద్వారపాలకత్వం అన్న భావనను కర్ట్ లెవిన్ ప్రతిపాదించగా, డేవిడ్ మానింగ్ వైట్ 1950లో ఒక అమెరికా పత్రిక ఉపసంపాదకుని ఎంపికలపై దాన్ని పరీక్షించాడు. వార్తా సంస్థలనుంచి తనకు చేరిన సమాచారంలో ఆ ఉపసంపాదకుడు వాడుకున్నది సుమారు పదోవంతు మాత్రమే. మన పరిశోధనల్లో ఈ నమూనాను యథాతథంగా జిల్లా పుటకు అన్వయించడం తరచు కనిపిస్తుంది. కాని రెండింటి పరిస్థితి ఒకటి కాదు. వైట్ ఉపసంపాదకునికి వార్తల వరద సమస్య. జిల్లా డెస్కుకు ప్రతిరోజూ పుట నింపడం కూడా సమస్యే. ఇక్కడ మొదటి తలుపు డెస్కు దగ్గర లేదు. ఏది పంపాలో, ఏది పంపితే తన ఊరిలో తనకు చిక్కు వస్తుందో లెక్కవేసుకునే మండల విలేకరి మనసులో ఉంది.

ఆ విలేకరి సాధారణంగా పత్రికకు పూర్తికాలపు ఉద్యోగి కాడు. వాడుకలో కంట్రిబ్యూటర్ అనే ఇతనికి ప్రచురితమైన వార్త పరిమాణాన్ని బట్టి చెల్లింపు ఉంటుంది; వృత్తిలో దీన్నే లైన్ అకౌంటు అంటారు. ఆ మొత్తంతో కుటుంబం గడవదు. అందువల్ల మండల విలేకరుల్లో వ్యవసాయమో, దుకాణమో, మరొక వ్యాపకమో ఉన్నవారే ఎక్కువ. ఆగస్టు 15, సంక్రాంతి, ప్రత్యేక సంచికలు వచ్చినప్పుడు ప్రకటనల సేకరణ బాధ్యత కూడా చాలా పత్రికల్లో ఇతనిపైనే పడుతుంది. ప్రకటన ఇచ్చేది ఎవరు? స్థానిక నాయకుడు, గుత్తేదారు, ఎరువుల వ్యాపారి, ప్రైవేటు పాఠశాల. వార్త రాయవలసి వచ్చేది కూడా సరిగ్గా వీరి గురించే.

వార్త మొదట్లోని స్థలసూచిక ఈ సంబంధాన్ని కొంతవరకు బయటపెడుతుంది. ఈనాడులో ఊరి పేరు తరవాత పత్రిక పేరుకు బదులు ‘న్యూస్‌టుడే’ అని ఉంటుంది. ఆంధ్రజ్యోతి ఊరి పేరు, తేదీ వేసి కుండలీకరణాల్లో తన పేరు ముద్రిస్తుంది. ప్రజాశక్తి తన పేరును ముందుంచి ఊరి పేరును చేరుస్తుంది. శైలీభేదంగా మాత్రమే కనిపించే ఈ సూచికలు పత్రికకూ వార్త పంపిన వ్యక్తికీ మధ్యనున్న దూరాన్ని తెలిపే ఆధారాలుగా పనికివస్తాయి. శైలీశాస్త్ర దృష్టితో చూసే పరిశోధకులు వీటిని విస్మరించడం వింతగానే ఉంటుంది.

డబ్బు తీసుకొని వార్త వేసే పద్ధతిపై 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘ సభ్యులుగా నివేదిక సిద్ధం చేసిన ఇద్దరిలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి, మరొకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆ చర్చకు ముఖ్యమైన ఆధారం. ఆ నివేదికపై వచ్చిన చర్చ యాజమాన్యాల స్థాయిలో జరిగింది, జరగవలసిందే. మండల స్థాయిలో విలేకరి ఆదాయ స్వరూపాన్ని పరిశీలించకుండా ఆ చర్చను పూర్తి చేయలేము.

4. క్రియాపదాల్లో కనిపించే అధికారం

మండల వార్త భాష మీద దృష్టి పెడితే మొదట కనిపించేది ఉక్తిక్రియల విభజన. అధికారి ‘తెలిపారు’, ‘పేర్కొన్నారు’, ‘వెల్లడించారు’, ‘ఆదేశించారు’. నాయకుడు ‘అన్నారు’, ‘విమర్శించారు’, ‘హామీ ఇచ్చారు’. రైతు మాత్రం ‘వాపోయారు’, ‘ఆవేదన వ్యక్తం చేశారు’, ‘కోరుతున్నారు’. ఒక నమూనా వాక్యాన్ని నిర్మించి చూడవచ్చు: తేనెమంచు పురుగు ఉద్ధృతి పెరిగిందని రైతులు వాపోతున్నారు, ఉద్యానాధికారి తోటలు పరిశీలించి సూచనలు చేశారు. నిజానికి పురుగును మొదట చూసిందీ, ఉద్ధృతిని అంచనా వేసిందీ రైతే. అది పరిజ్ఞానం. వాక్యంలోకి వచ్చేసరికి అది బాధగా మారింది. పరిజ్ఞానమంతా రెండో ఉపవాక్యంలోని అధికారికి సంక్రమించింది.

పేర్ల విషయంలోనూ ఇదే అసమానత ఉంది. అధికారికి పేరు, హోదా ఉంటాయి. నాయకునికి పేరు, పార్టీ ఉంటాయి. రైతులు బహువచనంలో ఉంటారు. పంట నష్టం వార్తల్లో అప్పుడప్పుడు ఒక రైతు పేరు, ఊరు, ఛాయాచిత్రంతో సహా రావచ్చు. అక్కడ కూడా అతడు నష్టానికి ఉదాహరణే తప్ప విషయానికి వ్యాఖ్యాత కాడు. కౌలుదారు, కోతకూలీ, కాయలు ఏరే స్త్రీ ఈ బహువచనంలో కూడా తరచు ఉండరు.

ఇది విలేకరి ఉద్దేశపూర్వకంగా చేసే అవమానమని భావించడం పొరపాటు. చాలా సందర్భాల్లో అతడూ రైతే. అతడు వార్తను ఏ రూపంలో పంపితే డెస్కు అంగీకరిస్తుందో ఆ రూపాన్ని నేర్చుకున్నాడు. ఆ రూపం వెనుక ఒక ఊహ ఉంది. ఈ వార్త చదివి స్పందించవలసినవాడు ఎవరు అన్న ఊహ అది.

5. ఉద్దేశిత పాఠకుడు

కథనంలోనే నిక్షిప్తమై ఉండే ఉద్దేశిత పాఠకుని గురించి వోల్ఫ్‌గాంగ్ ఈజర్ 1970ల్లో చేసిన ప్రతిపాదన తెలుగు సాహిత్య పరిశోధకులకు పరిచితమే. నవలకు అన్వయించిన ఆ భావనను నాలుగు వాక్యాల మండల వార్తకు అన్వయిస్తే ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. ‘అధికారులు స్పందించి తగిన చర్యలు తీసుకోవాలని గ్రామస్థులు కోరుతున్నారు’ అన్న ముగింపు వాక్యం గ్రామస్థులను ఉద్దేశించినది కాదు. తమ రోడ్డు పాడైన సంగతి గ్రామస్థులకు పత్రిక చెప్పనక్కరలేదు. ఆ వాక్యం గ్రామస్థుల చేతిమీదుగా కలెక్టరేటుకు వెళ్లే అర్జీ.

ఈ ఊహకు వ్యవస్థాపరమైన ఆధారం ఉంది. జిల్లా పౌరసంబంధాల అధికారి కార్యాలయం పత్రికల్లో వచ్చిన ప్రతికూల వార్తల కత్తిరింపులను సేకరించి జిల్లా యంత్రాంగం దృష్టికి తీసుకువెళ్లడం, సంబంధిత శాఖ వివరణ కోరడం పరిపాలనలో స్థిరపడిన ఆచారం. పత్రికలు కూడా ఈ వలయాన్ని తమ ప్రతిష్ఠకు ఉపయోగించుకుంటాయి. వార్త వచ్చిన కొద్దిరోజులకు అధికారి ఆ ఊరు వచ్చి చూస్తే ‘కథనానికి స్పందన’ అన్న శీర్షికతో మరో వార్త వెలువడుతుంది. కొన్ని పత్రికలు తమ పేరు పక్కన ‘ఎఫెక్ట్’ అని చేర్చుకుంటాయి. అంటే మండల వార్త విజయం పాఠకునికి కొత్తవిషయం తెలియడంలో లేదు. అధికారి కదలడంలో ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానకు నూజివీడు ప్రాంతంలో కాయ రాలిపోవడం దాదాపు ఏటా ఉండే వార్త. ఆ వార్తను ఈ కోణంనుంచి చూస్తే దాని నిర్మాణం స్పష్టమవుతుంది. ఎన్ని ఎకరాల్లో నష్టం, ఏ గ్రామాల్లో, ఎంత కాయ రాలింది అన్న వివరాలు నష్టపరిహార గణనకు అవసరమైన వివరాలే. ఊరి పేరు వార్తలో లేకపోతే గణనలోనూ లేకుండా పోతుందేమోనన్న భయం గ్రామాల్లో ఉండడం సహజం. అందుకే ‘మా ఊరి పేరు వేయండి’ అన్న అభ్యర్థన విలేకరికి నిత్యం ఎదురవుతుంది. పత్రిక కత్తిరింపు అర్జీకి జతపరిచే పత్రంగా మారుతుంది. ఈ సందర్భంలో పాఠకుడు వార్తను వినియోగించేవాడే కాని, కేవలం చదివేవాడు కాడు.

ప్రజా సమస్య గ్రామంనుంచి రాష్ట్ర రాజధానికి చేరిన ఘట్టాలు తెలుగు పత్రికల చరిత్రలో లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమాన్ని పత్రికలు, ప్రత్యేకించి ఈనాడు, నిరంతరం ప్రచురించాయి. 1993 అక్టోబరులో రాష్ట్రవ్యాప్తంగా సారా నిషేధం వచ్చింది. ఆ వార్తల ప్రత్యేకత ఏమంటే, అవి అధికారిని మాత్రమే కాక పొరుగూరి స్త్రీని కూడా ఉద్దేశించాయి. ఒక ఊరిలో జరిగినది చదివి లేదా విని మరో ఊరు కదిలింది. నేటి మండల వార్తలో ఈ పక్కకు ప్రసరించే గుణం కనిపించదు. చనుబండ సమస్య చాట్రాయి మీదుగా ఏలూరుకు పైకి వెళ్తుంది. విస్సన్నపేట రైతుకు మాత్రం చేరదు. జిల్లా పుటల విభజన దీన్ని మరింత గట్టిపరిచింది.

6. ధర వార్త ఎవరికి?

మామిడి వార్తల్లో రైతును నేరుగా ఉద్దేశించినట్టు కనిపించేది ధర వార్త. నున్న మార్కెట్టులో బంగినపల్లి టన్ను ఇంత పలికింది, రసాలు ఇంత, తోతాపురి ఇంత అని సీజనంతా వార్తలు వస్తాయి. వ్యవసాయ సమాచారం రైతు బేరమాడే శక్తిని పెంచుతుందన్న సాధారణ అభిప్రాయానికి ఇది తగిన ఉదాహరణగా తోస్తుంది. కొంచెం లోతుగా చూస్తే అంత తేలికగా తేలే విషయం కాదు.

పూత డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. కోత ప్రధానంగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగుతుంది. చాలామంది తోట యజమానులు పూత దశలోనే, కొందరు అంతకుముందే, తోటను గుత్తకు ఇస్తారు. గుత్తకు ఇచ్చిన యజమానికి మే నెల ధర వార్త కుతూహలమే తప్ప ఆదాయం కాదు. మరుసటి ఏడాది గుత్త నిర్ణయించుకోవడానికి మాత్రం కొంత పనికిరావచ్చు. గుత్తకు తీసుకున్నవానికి ధర ముఖ్యమే. అయితే పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ వ్యాపారి దుకాణానికే కాయ తోలవలసి ఉంటుంది. మరో చోట ధర ఎక్కువ ఉందని పత్రికలో చదివినా అతడు బండి మళ్లించలేడు. పైగా కోసిన కాయ నిలవ ఉండదు.

ఈ సందర్భంలో రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదవడం మేలు. రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం కేరళ తీరంలో సెల్‌ఫోన్లు వచ్చాక మత్తికవల చేపల ధరల్లో రేవుకూ రేవుకూ మధ్య తేడాలు బాగా తగ్గాయి, చేపల వృథా ఆగింది. సమాచారం విపణిని సరిచేస్తుందన్న వాదానికి ఇది ప్రసిద్ధమైన ఆధారం. 2012లో మార్సెల్ ఫాషాంప్, బార్ట్ మింటెన్ మహారాష్ట్ర రైతులకు సెల్‌ఫోన్ సందేశాల రూపంలో ధరలు, వాతావరణ సమాచారం అందించి పరీక్షించగా, రైతులు పొందిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పడవలో ఉన్న మత్స్యకారుడు ఏ రేవుకు వెళ్లాలో అప్పటికప్పుడు నిర్ణయించుకోగలడు. అప్పుతో ఒకే దుకాణానికి కట్టుబడినవానికి ఆ అవకాశం లేదు. మామిడి ధర వార్త ప్రభావాన్ని కొలవదలచిన పరిశోధకుడు ‘మీరు ధరల వార్తలు చదువుతారా’ అన్న ప్రశ్నకన్నా ముందు ‘మీ కాయ ఎక్కడ అమ్మాలో నిర్ణయించేది ఎవరు’ అన్న ప్రశ్న వేయాలి. ప్రశ్నావళుల్లో మొదటి ప్రశ్న తప్పక ఉంటుంది, రెండోది అరుదు.

భాష విషయంలో ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పవచ్చు. పత్రిక తోతాపురి అని రాసే కాయను కృష్ణా ప్రాంత రైతు కలెక్టరు అంటాడు. కోస్తాలో బంగినపల్లి అనేదాన్ని హైదరాబాదు విపణి బేనిషాన్ అంటుంది. రాష్ట్రమంతటికీ చెల్లే ప్రమాణభాష కోసం పత్రికలు చేసిన కృషిలో బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్తల పాత్ర గణనీయం. ఆ ప్రమాణీకరణ లేకపోతే నేటి వార్తా భాషే లేదు. అయితే ప్రమాణపదం వచ్చినచోట స్థానికపదం తప్పుకుంటుంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అందేలా, అందులో 8 పరిశ్రమలూ 4 ప్రభుత్వమూ భరించేలా ప్రకటించింది. ఆ వార్తలు ఆద్యంతం చిత్తూరు ప్రాంతం, అక్కడి గుజ్జు పరిశ్రమలు, అక్కడికి వచ్చిన నాయకుల చుట్టూ తిరిగాయి. రాష్ట్ర పుటలో మామిడి అంటే చిత్తూరు, జిల్లా పుటలో మామిడి అంటే నూజివీడు. ఒకే కాయ రెండు పేర్లతో, రెండు పుటల్లో, రెండు వేరు సమస్యలుగా ఉండిపోవడాన్ని ఎజెండా నిర్ణయ సిద్ధాంతం చర్చించేవారు గమనించవలసి ఉంది. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సందర్భంగా చాపెల్ హిల్ ఓటర్లపై జరిపి 1972లో మెకోంబ్స్, షా ప్రకటించిన అధ్యయనంలో ఎజెండా ఒక్కటే. బహుళ పుటల తెలుగు పత్రికలో కనీసం రెండు ఎజెండాలు ఏకకాలంలో నడుస్తాయి.

7. ప్రతుల లెక్క, పాఠకుల లెక్క

అమ్ముడైన ప్రతులను లెక్కించేది 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్. చదివేవారిని లెక్కించేది 1995లో మొదలైన ఇండియన్ రీడర్‌షిప్ సర్వే. 2019 చివరి త్రైమాసికం తరవాత దాని ఫలితాలు చాలాకాలం వెలువడలేదు. ఈ రెంటినీ ఒకటిగా వాడడం తెలుగు సిద్ధాంతవ్యాసాల్లో కూడా కనిపించే లోపం. ఒక ప్రతిని టీదుకాణంలో పదిమంది చదవవచ్చు, ఒకరు చదువుతుంటే మరో పదిమంది వినవచ్చు. కొన్న ప్రతిని ఎవరూ తెరవకపోవచ్చు కూడా. పాఠక సర్వేలో సైతం గత నెలలో ఎప్పుడైనా చదివినవారు వేరు, నిన్నటి సంచిక చదివినవారు వేరు. మొదటి అంకె ఎప్పుడూ పెద్దది కనుక పత్రికల ప్రకటనల్లో దాన్నే చూస్తాము.

ఈ భేదం కేవలం పారిభాషికం కాదని 2022 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు నిరూపించింది. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు విస్తృత ప్రచారంగల దినపత్రిక కొనుగోలు నిమిత్తం నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. వాలంటీర్ల సంఖ్య రెండున్నర లక్షలకు పైబడినది. ఇది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రిక చందాలను పెంచడానికేనని ఆరోపిస్తూ ఈనాడు ప్రచురణ సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది; 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. రాజకీయ వాదోపవాదాలను పక్కన పెట్టినా, పరిశోధనకు సంబంధించిన ప్రశ్న మిగులుతుంది. చాట్రాయి వంటి ప్రతి మండలంలోనూ అప్పట్లో గ్రామ సచివాలయాలు, వాలంటీర్లు ఉండేవారు. ఆ కాలపు చందాల లెక్కనుంచి ఆ మండలంలో ఏ పత్రికకు ఎంత ఆదరణ ఉందో నిర్ణయించబోతే, కొనుగోలుదారుని ఇష్టాన్ని కాదు, కొనుగోలుకు సొమ్ము ఇచ్చినవాని నిర్ణయాన్ని కొలిచినట్టవుతుంది.

పాఠక సర్వేలు ఎలాగూ జిల్లా లేదా జిల్లాల సమూహం కన్నా కిందికి దిగవు. మండల స్థాయిలో పాఠకులను గురించి చెప్పగలిగిన అధికారిక అంకె ఏదీ లేదు. దీన్ని లోటుగా కాక అవకాశంగా తీసుకొని, కళాశాల అధ్యాపకులు తమ ఊళ్లలోనే చిన్న పరిధిలో పఠనచర్యల అధ్యయనం చేపట్టవచ్చు. ఎవరు కొంటారు, ఎవరు చదువుతారు, ఎవరు వింటారు, ఏ పుట ముందు తెరుస్తారు, ఏ వార్తను ఫోనులో ఫొటో తీసి వాట్సాప్ బృందానికి పంపుతారు అన్నవి అందులో ఉండాలి. చివరి ప్రశ్న ఇప్పుడు అనివార్యం. వే2న్యూస్, లోకల్ వంటి అనువర్తనాలు మండల వార్తనే తమ పెట్టుబడిగా చేసుకున్నాయి. 2020 లాక్‌డౌన్ నెలల్లో పత్రికలు పుటలు తగ్గించి జిల్లా అనుబంధాలను కుదించినప్పుడు ఆ ఖాళీలోకి ఇవి వేగంగా చొచ్చుకువచ్చాయి. ఉద్దేశిత పాఠకుడు అక్కడ కలెక్టరు కాదు కనుక ముగింపు వాక్యం కూడా మారింది: అర్జీ స్వరం తగ్గి, సంఘటనను మాత్రమే చెప్పి ఆగే వాక్యాలు పెరిగాయి. రెండు మాధ్యమాల్లో ఒకే సంఘటన వచ్చిన తీరును పోల్చడం ఒక పరిశోధన వ్యాసానికి సరిపోయే పని.

8. భద్రపరచని పుటలు

ఇంతకీ ఈ అధ్యయనానికి ఆకరాలు ఎక్కడ దొరుకుతాయి? ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను అంకీకరించి అందుబాటులోకి తేవడం గొప్ప సేవ. ఆంధ్రపత్రిక వంటి పత్రికలపై పనిచేసే పరిశోధకులు దానికి ఎంతో రుణపడి ఉన్నారు. అయితే 1989 తరవాతి జిల్లా అనుబంధాలు ఆ కోవలోకి రావు. గ్రంథాలయాలు ప్రధాన సంచికలను బైండు చేసిన చోట కూడా అనుబంధాన్ని విడిగా తీసివేయడం సాధారణం. ఒక నగరంలోని గ్రంథాలయానికి వచ్చేది ఆ నగరపు జిల్లా పుటే కనుక హైదరాబాదులో వెతికేవానికి కృష్ణా జిల్లా పుట దొరకదు. ఇ-పేపర్లు కొంతకాలమే నిలుస్తాయి. జిల్లాల విభజన తరవాత పాత జిల్లా పేరుతో ఉన్న పుటల క్రమం కూడా తెగిపోయింది.

చాట్రాయికి సంబంధించి 1990ల నాటి మామిడి సీజను వార్తలు చూడాలంటే నేడు ఆశపెట్టుకోదగినవి మూడే: పాత విలేకరుల ఇళ్లలోని కత్తిరింపుల దస్త్రాలు, కార్యాలయాల్లో అర్జీలకు జతపరిచిన కాగితాలు, ఏజెంట్లు ఎక్కడైనా దాచిన కట్టలు. మూడోది ఈ ప్రాంతంలో మరీ అరుదు. పాత పత్రికల కట్టలకు వేసవిలో ఇక్కడ గిరాకీ ఎక్కువ. కాయల పెట్టెల్లో పరచడానికి అవి వెళ్లిపోతాయి. ఆ ఏటి ధర ముద్రితమైన కాగితం ఆ ఏటి కాయ కిందనే చేరి ఎక్కడో ఉత్తరాది విపణిలో చిరిగిపోయి ఉంటుంది. మొదటి రెండింటిని సేకరించే పని వ్యక్తి పరిశోధకులకన్నా నూజివీడు, తిరువూరు, సత్తుపల్లి ప్రాంతాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయదగినది. విలేకరులుగా 1989 నాటి తొలి అనుబంధాలకు వార్తలు పంపినవారిలో ఎక్కువమంది ఇప్పుడు అరవై దాటినవారు. వారి దస్త్రాలతోపాటు, ఏ వార్త పంపారో కాక ఏ వార్త పంపకుండా ఊరుకున్నారో కూడా వారు చెప్పగలిగినప్పుడే నమోదు చేసుకోవాలి.